అమెరికాలో మన ఇంటికి కెమెరాలు పెడితే సరిపోతుందా? మా ఇంట్లో దొంగతనం జరిగాక నేను మార్చినవి ఇవి

గత అక్టోబర్‌లో ఒక శనివారం రాత్రి 7 గంటల 41 నిమిషాలకి నా వాచ్ మీద ఒక నోటిఫికేషన్ వచ్చింది. బ్యాక్‌యార్డ్ కెమెరా ముందు ఏదో కదిలిందట. అప్పుడు మేం బతుకమ్మ ఈవెంట్‌లో పేపర్ ప్లేట్లు పట్టుకుని పులిహోర లైన్లో నిలబడి ఉన్నాం. ఆ రోజు అలాంటి నోటిఫికేషన్లు అప్పటికే ముప్పై దాకా వచ్చాయి. చెట్టు కొమ్మ ఊగినా వస్తుంది, ఉడత పరిగెత్తినా వస్తుంది. ఇదీ అంతే అనుకుని వేలితో పక్కకి తోసేశాను.

పది దాటాక ఇంటికి వచ్చేసరికి వెనక వైపు స్లైడింగ్ డోర్ అద్దం నేలంతా పరుచుకుని ఉంది. ల్యాప్‌టాప్ టేబుల్ మీదే ఉంది. టీవీని ఎవరూ ముట్టుకోలేదు. వాళ్లు తిన్నగా పైకి వెళ్లి మాస్టర్ బెడ్రూమ్ క్లాసెట్‌లో బట్టల కింద పెట్టిన డబ్బా ఒక్కటే తీసుకుని పోయారు. అందులో మా ఆవిడ గాజులు, ఒక నెక్లెస్, మా అమ్మ కాసుల పేరు ఉన్నాయి. మామూలుగా అవి బ్యాంక్ లాకర్‌లో ఉంటాయి. పండక్కని గురువారం తెచ్చాం, సోమవారం మళ్లీ పెట్టేద్దాం అనుకున్నాం.

నేను గ్యాడ్జెట్లు రివ్యూ చేసేవాడిని. ఇంటికి మూడు కెమెరాలు పెట్టుకున్నవాడిని. టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటున్నాను. డోర్‌బెల్ కెమెరా ఏది కొనాలని నన్ను అడిగిన ఫ్రెండ్స్ కనీసం ఇరవై మంది ఉంటారు. వాళ్లందరికీ నేను సగం సమాధానమే ఇచ్చాను. మిగతా సగం ఈ ఆర్టికల్‌లో చెప్తాను.

మా కెమెరాలు ఎక్కడ ఫెయిల్ అయ్యాయి?

ముందు డోర్‌బెల్ సంగతి. దాంట్లో ఆ సాయంత్రం మొత్తం కనిపించింది ఒక్క డెలివరీ అబ్బాయే. ఎందుకంటే దొంగలు ముందు గుమ్మానికి రాలేదు. మా ఇంటి వెనక ఖాళీ స్థలం, ఆ తర్వాత నడిచే బాట. అటు నుంచి ఫెన్స్ దూకి వచ్చారు. డోర్‌బెల్ కెమెరా పార్సిల్ దొంగకి పనికొస్తుంది. ఇంటి దొంగకి ఆ గుమ్మంతో పని లేదు.

రెండోది వెనక ఉన్న బ్యాటరీ కెమెరా. ఇలాంటి కెమెరాలు చాలావరకు ఎప్పుడూ నిద్రలోనే ఉంటాయి. వేడి కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సర్ లేపితే లేచి రికార్డ్ చేస్తాయి. లేవడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. ఒక క్లిప్ తీశాక బ్యాటరీ ఆదా కోసం కాసేపు ఆగుతాయి. మాకు దొరికింది 10 సెకన్ల క్లిప్. అందులో ఫెన్స్, ఒక నీడ, హుడీ వేసుకున్న ఒక భుజం.

మూడోది అసలు దెబ్బ. 7:44 నుంచి 8:02 వరకు మా మూడు కెమెరాలూ ఆఫ్‌లైన్‌లో ఉన్నాయి. తర్వాత వాటంతటవే తిరిగి వచ్చాయి. వచ్చిన ఆఫీసర్ "వైఫై జామర్ కావచ్చు, గట్టిగా చెప్పలేం" అన్నాడు. అది ఇప్పటికీ తేలలేదు. అమెరికాలో జామర్ అమ్మడం, వాడడం రెండూ ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. కానీ అద్దం పగలగొట్టడమూ నేరమే కదా! పక్కింటి వాళ్ల కెమెరా మాత్రం వైర్‌తో ఉంది. ముగ్గురు మా ఫెన్స్ దూకడం, పద్దెనిమిది నిమిషాల్లో తిరిగి వెళ్లడం దాంట్లో శుభ్రంగా రికార్డ్ అయింది.

నాలుగోది నేను. రోజుకి ముప్పై అబద్ధపు అలర్ట్‌లు వస్తుంటే ముప్పై ఒకటోదాన్ని ఎవరూ చూడరు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి "మనుషులు కనిపిస్తేనే చెప్పు" అని మార్చడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆరు నెలలుగా వాయిదా వేస్తూ వచ్చాను.

మన ఇళ్లే ఎందుకు?

ఇది ఒక్క మా వీధి కథ కాదు. ఆసియా, భారతీయ కుటుంబాల ఇళ్లలోకి తుపాకులతో చొరబడి దోచుకున్న ఒక ముఠా నాయకురాలికి 2019లో మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలు శిక్ష వేసింది. 2011 నుంచి 2014 మధ్య జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సాస్‌లలో జరిగిన దోపిడీలు అవి. బ్రిటన్‌లో అయితే ఆసియా కుటుంబాల నుంచి ఐదేళ్లలో సుమారు 14 కోట్ల పౌండ్ల విలువైన బంగారం పోయిందని 2019లో బీబీసీ లెక్క తీసింది. 2022లో కాలిఫోర్నియాలోని సాంతా క్లారా కౌంటీలో చీరలు కట్టుకుని, బొట్టు పెట్టుకుని నడుస్తున్న 14 మంది మహిళల మెడల్లోంచి గొలుసులు లాక్కున్నాడని ఒకడి మీద కేసు పెట్టారు. బాధితుల్లో చాలామంది యాభై దాటినవాళ్లు.

కారణం మనకీ తెలుసు, వాళ్లకీ తెలుసు. మన దగ్గర బంగారం ఉంటుంది, అది 22 క్యారెట్లది, కరిగిస్తే ఎవరిదో తెలియదు. ల్యాప్‌టాప్‌కి సీరియల్ నంబర్ ఉంటుంది, కాసుల పేరుకి ఉండదు. పైగా మనం ఎప్పుడు ఇంట్లో ఉండమో ఊహించడం కష్టం కాదు. దసరా, దీపావళి, వీకెండ్ గృహప్రవేశాలు, డిసెంబర్‌లో ఇండియా ట్రిప్. గుమ్మానికి మామిడి తోరణం, వాకిట్లో చెప్పుల వరస చూస్తే ఎవరి ఇల్లో చెప్పక్కర్లేదు. అలాగని నేను తోరణం తీసెయ్యమని చెప్పను. మేం తియ్యలేదు. మార్చాల్సింది తోరణం కాదు.

మూడు నెలలు టెస్ట్ చేసి నేను పెట్టుకున్న సెటప్

దొంగతనం తర్వాత ఇల్లంతా కొత్తగా ప్లాన్ చేశాను. ప్రతి మార్పుకీ నాకు నేను మూడు పరీక్షలు పెట్టుకున్నాను. వైఫై పోతే ఏమవుతుంది? కరెంట్ పోతే ఏమవుతుంది? రాత్రిపూట మనిషి వెనక ఫెన్స్ నుంచి నడుచుకుంటూ వస్తే ఎక్కడ దొరుకుతాడు? మూడో పరీక్షకి మా ఫ్రెండ్‌ని నల్ల హుడీ వేసి నడిపించాను. పాపం వాడికి ప్రతిసారీ ఫిల్టర్ కాఫీ ఖర్చు నాదే. మొదలుపెట్టే ముందు పక్కింటివాళ్లకి చెప్పండి, లేకపోతే మీ ఫ్రెండ్ కోసం పోలీసులు వస్తారు.

పాత బ్యాటరీ కెమెరాతో పదిసార్లు నడిపిస్తే ఏడుసార్లు దొరికాడు. ఆ ఏడుసార్లలో కూడా ముఖం స్పష్టంగా కనిపించింది రెండుసార్లే. మిగతావన్నీ ప్యాటియో దగ్గరకి వచ్చేశాక తీసిన వీపు ఫోటోలు.

*వైర్ కెమెరాలు:* రియోలింక్ పీఓఈ కిట్ ఒకటి కొన్నాను. నాలుగు కెమెరాలు, ఒక రికార్డర్ బాక్స్, లోపల హార్డ్ డిస్క్. సేల్‌లో 400 డాలర్ల లోపే వచ్చింది. పీఓఈ అంటే ఒకే ఇంటర్నెట్ కేబుల్‌లో కరెంట్, వీడియో రెండూ వెళ్తాయి. వంద మీటర్ల వరకు లాగొచ్చు. వైఫైతో సంబంధం లేదు కాబట్టి జామర్ వచ్చినా రికార్డింగ్ ఆగదు. ఇంటర్నెట్ పోయినా ఆగదు. ఫోన్‌కి అలర్ట్ రాదంతే, వీడియో మాత్రం బాక్స్‌లో భద్రంగా ఉంటుంది. 24 గంటలూ రికార్డ్ అవుతుంది కాబట్టి నెలనెలా సబ్‌స్క్రిప్షన్ కట్టక్కర్లేదు. ఇదే పరీక్షలో మా ఫ్రెండ్ పదికి పదిసార్లు దొరికాడు.

ఇబ్బంది ఏంటంటే వైరింగ్. మా అటక మీద కేబుల్ లాగడానికి ఎలక్ట్రీషియన్ 600 డాలర్లు తీసుకున్నాడు. కెమెరాల కన్నా కూలే ఎక్కువ. అపార్ట్‌మెంట్‌లో, రెంట్ ఇంట్లో ఇది కుదరదు. ఇంకో మాట, రికార్డర్ బాక్స్‌ని టీవీ కింద పెట్టకండి. దొంగ దాన్ని కూడా పట్టుకెళ్తే అంతా పోయినట్టే. నాది ఎక్కడుందో చెప్పను కానీ అక్కడికి వెళ్లాలంటే నిచ్చెన కావాలి.

*అలారం:* నేను చేసిన పెద్ద తప్పు ఇదే. కెమెరాలు ఉన్నాయి కదా అని అలారం పెట్టలేదు. కెమెరా జరిగింది చూపిస్తుంది. అలారం జరుగుతున్నదాన్ని ఆపడానికి ప్రయత్నిస్తుంది. కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. బేస్ స్టేషన్‌లో సెల్యులార్ బ్యాకప్, బ్యాటరీ రెండూ ఉండాలి. రింగ్ అలారం, సింప్లీసేఫ్ లాంటి వాటిలో ఉన్నాయి, కానీ సెల్యులార్ బ్యాకప్ ఏ ప్లాన్‌లో వస్తుందో చూసి కట్టండి.

రెండోది చాలామందికి తెలియదు. తలుపుకి పెట్టే కాంటాక్ట్ సెన్సర్ తలుపు తెరుచుకుంటేనే మోగుతుంది. అయస్కాంతం కదలాలి. దొంగ అద్దం పగలగొట్టి ఆ సందులోంచి లోపలికి వస్తే తలుపు తెరుచుకోనట్టే లెక్క. మా ఇంట్లో జరిగింది సరిగ్గా అదే. అప్పుడు కాంటాక్ట్ సెన్సర్ ఉన్నా మోగేది కాదు. అందుకే ఇప్పుడు కింద గ్లాస్ బ్రేక్ సెన్సర్ ఒకటి, పైన మాస్టర్ బెడ్రూమ్‌కి వెళ్లే దారిలో మోషన్ సెన్సర్ ఒకటి పెట్టాను. దొంగ ఇల్లంతా తిరక్కపోవచ్చు, ఆ గదికి మాత్రం తప్పకుండా వస్తాడు.

మీ సిటీలో అలారానికి పర్మిట్ కావాలేమో కనుక్కోండి. చాలా ఊళ్లలో కావాలి. అబద్ధపు అలారాలు ఎక్కువైతే ఫైన్ కూడా వేస్తారు.

*యూపీఎస్:* మా ఏరియాలో చాలా ఇళ్లకి బ్రేకర్ ప్యానెల్ బయట గోడ మీదే ఉంటుంది. ఎవరైనా మూత తీసి స్విచ్ దించితే ఇల్లంతా చీకటి. ప్యానెల్‌కి తాళం వేశాను. మోడెమ్, రౌటర్, రికార్డర్ మూడింటినీ ఒక చిన్న యూపీఎస్‌కి కలిపాను. నా టెస్ట్‌లో గంటన్నర నిలబడింది. ఇండియాలో కరెంట్ కోతల కాలంలో ఇన్వర్టర్‌తో పెరిగిన మనకి ఈ ఆలోచన ముందే రావాల్సింది.

గ్యాడ్జెట్ కాని గ్యాడ్జెట్లు

ఈ సైట్‌లో స్క్రూల గురించి రాస్తానని అనుకోలేదు. కానీ ఖర్చుకి తగ్గ ఫలితంలో నంబర్ వన్ ఇవే. గొళ్లెం దిగే ఇనప ప్లేటుకి ఫ్యాక్టరీ స్క్రూలు చాలా పొట్టివి ఉంటాయి. ఒక్క తన్నుకి ఊడొస్తాయి. వాటి బదులు 3 అంగుళాల స్క్రూలు వేస్తే గోడ లోపలి దుంగలోకి దిగుతాయి. పది డాలర్లు, అరగంట పని. స్లైడింగ్ డోర్ ట్రాక్‌లో ఒక కర్ర దుంగ అడ్డంగా పెట్టండి. అద్దానికి సెక్యూరిటీ ఫిల్మ్ వేయిస్తే పగలదని కాదు, పగిలినా ముక్కలు అతుక్కుని ఉంటాయి. ఒక్క దెబ్బకి అయ్యేది పది దెబ్బలు పడుతుంది. చప్పుడు అవుతుంది. దొంగకి నచ్చనివి రెండే, ఆలస్యం, చప్పుడు.

కారు బయట పార్క్ చేసేవాళ్లు గరాజ్ రిమోట్‌ని కార్లో వదలకండి. అది ఇంటి తాళం చెవితో సమానం. టైమర్‌తో వెలిగే స్మార్ట్ బల్బులు రెండు మూడు గదుల్లో పెడితే ఇంట్లో మనుషులు ఉన్నట్టు అనిపిస్తుంది. ఎయిర్‌పోర్ట్ సెల్ఫీలు మాత్రం తిరిగొచ్చాక పెట్టుకోండి. ఊరెళ్లేటప్పుడు చెబితే మధ్యమధ్యలో వచ్చి ఇల్లు చూసి వెళ్లే పోలీస్ డిపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. ఉచితమే, అడగాలంతే.

బంగారం సంగతి

ఇప్పుడు ఈ ఆర్టికల్‌లో ముఖ్యమైన భాగం. మీరు కెమెరా కొన్నా కొనకపోయినా ఇది చదవండి.

మాకు హోమ్ ఇన్సూరెన్స్ ఉంది. ఇంట్లో సామానుకి లక్షల డాలర్ల కవరేజ్ అని కాగితం మీద ఉంది. క్లెయిమ్ పెట్టాక తెలిసింది, నగల దొంగతనానికి వేరే పరిమితి ఉంటుందని. మా పాలసీలో అది 1,500 డాలర్లు. అమెరికాలో మామూలు హోమ్ పాలసీల్లో చాలావాటికి ఇదే సంఖ్య. ఒక్క గాజుకి కూడా రాదు.

పూర్తి విలువ రావాలంటే ప్రతి నగనీ విడిగా పాలసీలో చేర్పించాలి. దానికి అప్రైజల్ కావాలి. ఖర్చు సాధారణంగా ఏడాదికి నగ విలువలో 1 నుంచి 2 శాతం. అమ్మమ్మల కాలం నాటి నగలకి బిల్లులు ఎక్కడుంటాయి? మేం పోలీసులకి పెళ్లి ఆల్బమ్ ఫోటోలే ఇచ్చాం. మీరు ఆ పరిస్థితి తెచ్చుకోకండి. ఈ వీకెండ్ ఒక గంట కూర్చుని ప్రతి నగకీ ఫోన్‌తో ముందు, వెనక, హాల్‌మార్క్ గుర్తు ఉంటే దగ్గర నుంచి ఒకటి, మొత్తం మూడు ఫోటోలు తీయండి. పక్కన చిన్న కాటా మీద బరువు కనిపించేలా ఒకటి తీస్తే ఇంకా మంచిది. క్లౌడ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి మీ ఇద్దరికీ యాక్సెస్ ఉంచుకోండి.

బ్యాంక్ లాకర్ మంచిదే. కానీ లాకర్‌లోని వస్తువులకి ఎఫ్‌డీఐసీ ఇన్సూరెన్స్ వర్తించదు. అది డిపాజిట్లకి మాత్రమే. లాకర్‌లో ఉన్నా పాలసీలో చేర్పించండి, ప్రీమియం తగ్గుతుందేమో అడగండి. ఇంట్లో సేఫ్ కొంటే నేలకో గోడకో బోల్టులతో బిగించేదే కొనండి. ఎత్తుకుపోగలిగే సేఫ్ దొంగకి మనమిచ్చే సూట్‌కేస్. పండగ నగలు తెచ్చిన రోజే తిరిగి పెట్టే రోజుకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. సోమవారం దాకా ఆగకండి.

ఇంటి లోపల కెమెరా పెట్టాలా?

దొంగతనం తర్వాత భయంతో హాల్లో, పై వరండాలో కెమెరాలు పెట్టేశాను. నవంబర్‌లో మా అత్తగారు, మావగారు వచ్చారు. రెండో రోజే మావగారు దాని మీద తువ్వాలు కప్పేశారు. "బనీనుతో తిరిగేవాణ్ని, ఎవరు చూస్తారో ఏమో నాయనా" అన్నారు. నవ్వొచ్చింది కానీ ఆయన మాటలో తప్పు లేదు.

2023లో రింగ్ కంపెనీ మీద అమెరికా ఎఫ్‌టీసీ కేసు పెట్టింది. ఉద్యోగులు కస్టమర్ల వీడియోలు చూశారని, హ్యాకర్లను సరిగా ఆపలేదని ఆరోపణ. 58 లక్షల డాలర్లతో సెటిల్‌మెంట్ అయింది. 2024 ఫిబ్రవరిలో వైజ్ కెమెరాల్లో తప్పు దొర్లి సుమారు 13,000 మందికి వేరేవాళ్ల ఇళ్ల కెమెరా చిత్రాలు కనిపించాయి. అన్నీ లోకల్‌గానే ఉంటాయని చెప్పిన యూఫీ కొన్ని చిత్రాలను క్లౌడ్‌కి పంపుతోందని 2022 చివర్లో బయటపడింది.

కాబట్టి నా రూల్ ఇది. ఇంటి బయట కెమెరాలు, లోపల సెన్సర్లు. లోపల కెమెరా తప్పదంటే మీరు ఇంటికి రాగానే ఆగిపోయేలా సెట్ చేయండి, లేదా స్మార్ట్ ప్లగ్‌తో కరెంటే తీసేయండి. అకౌంట్‌కి టూ ఫ్యాక్టర్ ఆన్ చేయండి. పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడనిది పెట్టండి.

ఊళ్లో ఇల్లు

ఇంకో భయం కూడా మనకి ఉంటుంది. అమ్మానాన్నలు ఆరు నెలలు ఇక్కడికి వస్తే అక్కడి ఇల్లు తాళం. ఆంధ్రప్రదేశ్ పోలీసులు దీనికోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే యాప్ తెచ్చారు. తాళం వేసిన ఇంటి కోసం రిక్వెస్ట్ పెడితే పోలీసులే కెమెరా బిగించి కంట్రోల్ రూమ్ నుంచి చూసుకోవడం దాని పద్ధతి. టికెట్లు బుక్ చేసిన వెంటనే మీ స్టేషన్‌లో కనుక్కోండి. అది కుదరకపోతే మెమొరీ కార్డ్ ఉన్న కెమెరా ఒకటి, సిమ్‌తో పనిచేసే రౌటర్ ఒకటి, వాటికి ఇన్వర్టర్ కనెక్షన్ చాలు. అన్నిటికన్నా ముఖ్యం, అలర్ట్ వస్తే పది నిమిషాల్లో వెళ్లి చూసే మనిషి. డల్లాస్‌లో కూర్చుని గుంటూరు ఇంటి లైవ్ వీడియో చూస్తూ మనం చేయగలిగేది ఏమీ లేదు.

ఎంత ఖర్చు పెట్టాలి?

*50 డాలర్ల లోపు:* పొడవైన స్క్రూలు, ట్రాక్‌లో దుంగ, రెండు స్మార్ట్ బల్బులు, నగల ఫోటోలు. అద్దె ఇంట్లో ఉంటే స్క్రూలకి ముందు ఓనర్‌ని అడగండి.

*300 డాలర్ల దాకా:* పైవన్నీ, సెల్యులార్ బ్యాకప్ ఉన్న అలారం కిట్, గ్లాస్ బ్రేక్ సెన్సర్. అపార్ట్‌మెంట్ వాళ్లకి ఇదే బెస్ట్.

*1,200 డాలర్ల దాకా:* సొంత ఇల్లయితే పీఓఈ కెమెరాలు, వైరింగ్, యూపీఎస్. ఇండియా ట్రిప్‌కి ముందే చేయించుకోండి.

ఇప్పటికే డోర్‌బెల్ కెమెరా ఉంటే తీసేయకండి. దానికి చేతనైన పని దాన్ని చేయనివ్వండి. ఈ రాత్రికి యాప్ తెరిచి మనుషుల అలర్ట్ మాత్రం ఆన్ చేసి మిగతావి ఆపేయండి.

మా నగలు దొరకలేదు. కేసు ఇంకా తెరిచే ఉంది. జరిగిన సంగతి అమ్మకి చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ కాసుల పేరు అమ్మ పెళ్లికి అమ్మమ్మ పెట్టింది. ఫోన్‌లో అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పిల్లలు ఇంట్లో లేరు కదరా?" అని అడిగింది. లేరమ్మా, అందరం బయటే ఉన్నాం అన్నాను. "అయితే సరే. తలుపు బాగుచేయించావా?" అంది.

చేయించాను. ఇప్పుడు వెనక నుంచి అలర్ట్‌లు వారానికి ఒకటో రెండో వస్తాయి. ఎక్కడున్నా, ఎవరితో మాట్లాడుతున్నా ఆగి చూస్తాను.